విశ్వం – చూ. అనంతం

సర్వస్వం గారికి ఆ ఏడు అరవై ఆరు నిండాయి. వీధిలో పాలమనిషి దగ్గర్నుంచి కింది వాటా ఇంటావిడ దాకా అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ముప్పై మూడేళ్లుగా విజ్ఞాన సర్వస్వం తయారుచేసే ఆఫీసులో సంపాదకుడిగా ఉన్నందుకు ఎవరో వెటకారానికి అన్న మాట, జిగురు పూసినట్టు అతుక్కుపోయింది. తీరా చూస్తే ఆయనకున్న సర్వస్వం అంతా మేడ మీద ఒక గది, ఒక మంచం, ఒక కుర్చీ, ఒక గ్లాసు. రెండో గ్లాసు కొనే అవసరం ఇరవై తొమ్మిదేళ్లుగా పడలేదు. పెళ్లీ పెటాకులూ లేని ఒంటికాయ శొంఠికొమ్ము మరి. ఆదివారాలంటే ఆయనకు పరమ అసహ్యం. ఆ రోజు ఎవరూ ఏమీ అడగరు, ఆయనా ఎవరితోనూ ఏమీ అనరు, సాయంత్రానికి గొంతు పూడుకుపోతుంది. సోమవారం ఆఫీసులో మొదటి మాట పెగలాలంటే రెండుసార్లు దగ్గాల్సిందే.

ఇక ఆ ఆఫీసు సంగతి. పొడుగాటి హాలు, గోడల నిండా ఇనప బీరువాలు, బీరువాల నిండా సొరుగులు, సొరుగుల నిండా చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక్కో విషయం. లోకంలో మనిషికి తెలిసినదంతా ఇరవై నాలుగు సంపుటాల్లో పెట్టేసి, చేతులు దులుపుకుని ఇంటికెళ్లిపోవాలన్నది మొదట్లో అనుకున్న పని. అప్పట్లో అక్కడ యాభై మంది ఉండేవారు. ఇప్పుడు ముగ్గురు: సర్వస్వం గారు, ఒక టైపిస్టమ్మాయి, ఎప్పుడు చూసినా గోడ గడియారం వంకే చూసే మేనేజరు. ఇరవై మూడు సంపుటాలు అచ్చయ్యాయి. చివరిది శనివారం మధ్యాహ్నం ప్రెస్సుకు వెళ్లాలి. అది వెళ్లాక నెలాఖరుకి ఆఫీసు మూసేస్తారు.

ఏ సంపుటమైనా ప్రెస్సుకు వెళ్లేముందు అక్కడ ఒక తంతు ఉంది. ఒక విషయం గురించి ఇంకోచోట రాసి ఉంటే, ఇక్కడ మళ్లీ రాయకుండా 'చూ.' అని పెట్టి ఆ చోటు పేరు వేస్తారు. అలాంటి ప్రతి 'చూ.' దగ్గరా ఆగి, లేచి, బీరువా దాకా వెళ్లి, ఆ పాత సంపుటం తీసి, అక్కడ నిజంగానే ఆ వ్యాసం ఉందో లేదో కళ్లారా చూసి టిక్కు పెట్టాలి. సోమవారం పొద్దున టైపిస్టు ఆ పనిలో ఉంది. మూడొందల టిక్కులయ్యాయి. అమ్మాయి మొదటి సంపుటం దగ్గర నిలబడి పక్కున నవ్వింది.

"సార్, ఇది భలే ఉంది. మనం ఇప్పుడు వేస్తున్న 'విశ్వం' దగ్గర 'చూ. అనంతం' అని ఉందా..."

సర్వస్వం గారు రెండుసార్లు దగ్గారు. "ఉంటుందమ్మా. మొదటి సంపుటంలో మా బావ రాశాడు. విశ్వానికి హద్దుందా లేదా, తెలుసుకోవడానికి హద్దుందా లేదా, అంతా అక్కడే ఉంటుంది."

"ఇక్కడ 'అనంతం' దగ్గర 'చూ. విశ్వం' అని ఉంది సార్."

"సరిగ్గా చూడమ్మాయ్."

"మీరే చూసుకోండి."

ఆయన వెళ్లి కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపి చూశారు. ఉన్నది ఉన్నట్టే ఉంది. ఇరవై నాలుగు సంపుటాలు, పద్దెనిమిది వేల పేజీలు. చీమ గురించి నాలుగు పేజీలున్నాయి. గుండుసూది గురించి పేజీన్నర ఉంది. విశ్వం గురించి ఒక్క ముక్క లేదు! ఇక్కడివాడు అక్కడికి పొమ్మంటాడు, అక్కడివాడు ఇక్కడికి పొమ్మంటాడు. అమ్మాయి ఇంకా నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"కొంపలేం మునిగిపోవులెండి," అన్నాడు మేనేజరు సంగతి విని, గడియారం వంక చూస్తూ. "ఆ శీర్షిక లేపేద్దాం. ఎవరు చూడొచ్చారు? అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి."

"ముప్పై ఒక్క ఏళ్ల కిందట మొదటి సంపుటం కొన్నవాణ్ని 'విశ్వం చూడరా' అని పంపించాం కదయ్యా. వాడు వచ్చి చూస్తే ఏముంటుంది?"

"అయితే శుక్రవారంలోపు పేజీన్నర రాసి పడెయ్యండి. మీకు తెలియందేముంది?"

ఆయన కూర్చున్నారు. కాగితం మీద 'విశ్వం' అని రాశారు. 'విశ్వానికి' అని మొదలెట్టారు. విశ్వానికి చివర ఉంది అనాలా, లేదు అనాలా? ఉందని రాస్తే అబద్ధం కావచ్చు. లేదని రాసినా అంతే. 'ఇంతవరకు తెలియదు' అంటే సరిపోతుంది, కానీ ఆ మాట ఆ ఆఫీసులో నిషిద్ధం. గోడకు వేలాడుతున్న నియమాల పట్టీలో ఏడోది అదే: 'ఇంతవరకు', 'ప్రస్తుతానికి', 'ఇప్పటికైతే' వంటి మాటలు కనిపిస్తే కొట్టెయ్యాలి, సర్వస్వంలో రాసినది ఎప్పటికీ నిలవాలి. ఆ నియమం పెట్టింది ఎవరో కాదు, ముప్పై మూడేళ్ల వయసులో, ఎర్ర పెన్సిలు పట్టుకుని విర్రవీగిన ఈ సర్వస్వం గారే.

మధ్యాహ్నం ఆయన అచ్చుకు ముందు దిద్దిన పాత ప్రూఫులు దాచిన సొరుగు తీశారు. మొదటి సంపుటం ఆఖరి ప్రూఫులో, 'అనంతం' పక్కన బావ చేతిరాత కనిపించింది: "వ్యాసం కుదర్లేదు. 'చూ. విశ్వం' అని వెయ్యండి. అక్కడికి వచ్చేసరికి తీరిక దొరుకుతుంది." కింద తేదీ ఉంది. ఆ తేదీ చూడగానే ఆయన సొరుగు మూసేశారు. అది అక్క మంచాన పడ్డ వారం.

అక్కే ఆయన్ని పెంచింది. తల్లి పోయినప్పుడు ఆయనకు తొమ్మిదేళ్లు, అక్కకు పదిహేడు. అక్క పెళ్లి మాటలప్పుడు "వీడు కూడా నాతోనే వస్తాడు" అంటే, బావ "రానీ, తిట్టడానికి నాకూ ఒకడు కావాలి" అన్నాడట. బావ లెక్కల మనిషి. ఆఫీసులో అంకెల వ్యాసాలూ ఆకాశం వ్యాసాలూ బావవే. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే ఇల్లు, అన్నం దగ్గర రోజూ ఒకటే పోట్లాట.

"ఎంత పెద్దదైనా కొండ కొండే కదా బావా, చుట్టూ తిరిగి రావచ్చు. తెలుసుకోవాల్సింది కూడా అంతే. ఇరవై నాలుగు సంపుటాలు, అయిపోయింది."

"నువ్వు చుట్టూ తిరిగి వచ్చేలోపు కొండ పెరుగుతుందిరా వెర్రినాగన్నా. ఇరవై నాలుగోది రాసేసరికి మొదటిది పాచిపోయి ఉంటుంది."

"హద్దు లేనిదేదీ లేదు!"

"నీ మొండితనానికి లేదుగా."

అక్క కంచాలు తీస్తూ, "ముందు చేతులు కడుక్కోండి, విశ్వం ఎక్కడికీ పోదు" అనేది.

ఇంటికి ప్రూఫులొస్తే అక్కే చదివేది. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు, దిద్దాక శుభ్రంగా తిరగరాసిన రాతప్రతి పైకి చదవాలి, కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా నోటితో చెప్పాలి. రెండోవాళ్లు అచ్చు చూసుకుంటూ పోవాలి. అక్క గొంతు బాగుండేది. అక్కకు రక్తం క్షీణించే ఆ పాడు జబ్బని తేలిన పది రోజులకు, ఇంకో ఊళ్లో పెద్దాసుపత్రిలో ఏదో కొత్త మందు పరీక్షిస్తున్నారని తెలిసి బావ రైలు టికెట్లు కొన్నాడు. ప్రయాణం రెండు రోజులుందనగా, మొదటి సంపుటం ప్రూఫులొచ్చాయి. పడుకోవే అని బావ అంటున్నా వినకుండా అక్క చదవడానికి కూర్చుంది. చదువుతూ చదువుతూ, తన జబ్బు పేరు దగ్గరికే వచ్చింది. ఒక్క క్షణం ఆగి, అదే గొంతుతో చదివింది. "ఈ జబ్బుకు మందు లేదు ఫుల్‌స్టాప్."

తర్వాతి వ్యాసం కూడా రెండు లైన్లు చదివింది. అప్పుడు కాగితాలు మడిచి లోపలికి వెళ్లి బావతో అంది: "టికెట్లు తిరిగిచ్చెయ్యండి. మీ పుస్తకంలోనే లేదని రాశారు. ఉన్న నాలుగు రోజులూ మన ఇంట్లో ఉంటాను."

నాలుగు నెలలుంది. రెండేళ్ల తర్వాత, ఆ ఊళ్లో ఆ మందే పనిచేసిందని పేపర్లో పడింది. బావ ఆ ముక్క కత్తిరించి తెచ్చి సర్వస్వం గారి బల్ల మీద పెట్టాడు. ఆ రోజునుంచి ఆఫీసుకు రాలేదు. సర్వస్వం గారు ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని ఆ ఇంట్లోంచి వచ్చేశారు.

బావకు తెలియని సంగతి ఒకటుంది. అది సర్వస్వం గారి గొంతులో ముల్లులా ముప్పై ఒక్క ఏళ్లుగా ఉంది. ఆ జబ్బు వ్యాసం రాసి పంపిన డాక్టరు "ఈ జబ్బుకు ఇంతవరకు మందు లేదు" అనే రాశాడు. అక్కకు జబ్బు తేలకముందు, మామూలుగా, ఏడో నియమం ప్రకారం ఆ ఒక్క మాటా ఈయనే ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు. అక్క ఫుల్‌స్టాప్ అన్నప్పుడు ఎదురుగా కూర్చున్నది ఈయనే. 'అక్కా, అక్కడ ఒక మాట ఉండేది, నేనే తీసేశాను' అని నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. మందు లేదనే ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. నమ్మకపోయినా ప్రూఫు మధ్యలో మాట్లాడకూడదు కదా!

మంగళవారం ఆయన సెలవు పెట్టి బావ ఇంటికి బయల్దేరారు. రెండు బస్‌స్టాపుల దూరం. దానికి ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది. వ్యాసం ఒక వంక, అంతే. వ్యాసం రాకపోతే ఒక శీర్షిక పోతుంది. ఈ మాట ఇప్పుడు చెప్పకపోతే ఇక చచ్చినా చెప్పలేనని ఆయనకు తెలుసు.

తలుపు తీసిన మనిషి సగానికి సగం తగ్గిపోయి ఉన్నాడు. కళ్ల మీద తెల్లటి పొర. "ఎవరూ?" అన్నాడు.

సర్వస్వం గారు పేరు చెప్పబోయి రెండుసార్లు దగ్గారు.

"నువ్వా," అన్నాడు బావ. కాసేపు తలుపు పట్టుకునే నిలబడి, పక్కకు తప్పుకున్నాడు.

అక్క కాలంలో ఉన్న బల్లే, అదే కుర్చీ. రెండో కుర్చీ మీద పాత పేపర్ల కట్ట ఉంది. బావ తడుముకుంటూ ఒక గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"ఎందుకొచ్చావు?"

"మీతో కొంచెం పనిపడి..."

"మీరేంట్రా నీ మొహం! ఏం కావాలి?"

"విశ్వం కావాలి బావా."

"ఎంత?"

"పేజీన్నర."

బావ నవ్వలేదు కానీ మొహంలో ఏదో కదిలింది. "రాస్తానని చెప్పి ఎగ్గొట్టాను. గుర్తుంది. అక్కడికొచ్చేసరికి తీరిక దొరుకుతుందనుకున్నాను. దొరికిందిలే, ఇప్పుడు తీరిక తప్ప ఏముంది నా దగ్గర? కానీ కళ్లు లేవు. నేను చెప్తాను, నువ్వు రాసుకో. రేప్పొద్దున రా."

బుధవారం వెళ్లారు, గురువారం వెళ్లారు. బావ కిటికీ వైపు మొహం పెట్టి చెప్పేవాడు, ఈయన రాసేవారు. పాత అలవాటు చొప్పున బావ కామాలు కూడా చెప్పాడు. మొదటిసారి "ఫుల్‌స్టాప్" అన్నప్పుడు ఇద్దరూ ఆగిపోయారు. పనయ్యాక ఈయన కాగితాలు సర్దుకుని వచ్చేసేవారు. చెప్పాల్సిన మాట మెట్ల దాకా వచ్చి మళ్లీ లోపలికే పోయేది. గదికి వచ్చి ఆ మంచం మీద కూర్చుంటే, 'పిరికి వెధవా' అని తనను తానే తిట్టుకునేవారు. వినడానికి కూడా ఆ గదిలో ఇంకొకరు లేరు.

శుక్రవారం ఆఖరి పేరాకు వచ్చారు.

"తేల్చెయ్ బావా. చివర ఉందా, లేదా?"

"భూమ్మీద ఎంత నడిచినా అంచు తగలదు. అలాగని భూమి లెక్కలేనంత ఏం కాదు, కొలిచారుగా. విశ్వం కూడా అలా తనలో తాను చుట్టుకుని ఉండొచ్చు. లేదా నిజంగానే చివర లేకపోవచ్చు. మనకు కనిపించేది కొంతే. అంతకన్నా దూరంనుంచి వెలుతురు మన దాకా ఇంకా రానే లేదు. రాని వెలుతురు గురించి ఏం చెప్తాం? రాసుకో. విశ్వానికి చివర ఉందో లేదో ఇంతవరకు తెలియదు ఫుల్‌స్టాప్."

పెన్సిలు కదలలేదు.

"ఏం, కొట్టేస్తావా? ఏడో నియమమా?"

సర్వస్వం గారు పెన్సిలు బల్ల మీద పెట్టేశారు. "బావా, ఆ డాక్టరు కూడా ఆ మాటే రాశాడు. 'ఇంతవరకు మందు లేదు' అని. నేనే కొట్టేశాను. అక్క చదివినప్పుడు పక్కనే ఉన్నాను. చెప్పలేదు." అక్కడితో ఆయన ఏడ్చారు. అరవై ఆరేళ్ల మనిషి, చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుంటూ, వెక్కి వెక్కి ఏడ్చారు.

బావ కిటికీ వైపునుంచి ఇటు తిరిగాడు. "అక్కడ ఆ మాట ఉండేదా?" అన్నాడు.

"ఉండేది."

"ఉంటే మీ అక్క రైలెక్కేది."

"ఎక్కేది బావా."

ఈయన బల్ల మీది కాగితాల్లోంచి ఒకటి బయటికి తీశారు. చివరి సంపుటం వెనక పాత తప్పులన్నిటికీ ఒక సవరణల పట్టీ వేస్తారు, అదే ఇది. ముందురోజు రాసుకున్న ఆఖరి వరస పైకి చదివారు. "మొదటి సంపుటం కామా 412వ పేజీ కామా రెండో వరుస. 'మందు లేదు' అన్నచోట 'ఇంతవరకు మందు లేదు' అని చదువుకోవాలి ఫుల్‌స్టాప్."

"తప్పు," అన్నాడు బావ. "ఇప్పుడు మందుంది. ఆ జబ్బున్నవాడు ఇది చదివితే ఏమైపోతాడు? 'మందు ఉంది' అని రాయాలి. నువ్వు రాసింది ఎవరికిరా?"

"అక్కకి."

బావ మొహం అటు తిప్పుకున్నాడు. తిప్పుకునే మాట్లాడాడు. "టికెట్లు తిరిగిచ్చింది నేనేరా. అది వద్దంది, నేను సరే అన్నాను. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లొచ్చు. నీతో అన్నం దగ్గర అనంతం అనంతం అని గొంతు చించుకున్న మనిషిని, ఆ రోజు స్టేషన్లో టికెట్ల కిటికీ ముందు నిలబడితే నాకూ లోపల ఇంతే, అయిపోయింది అనిపించింది. పేపరు ముక్క నీ బల్ల మీద పెట్టాను కానీ అది నాకే. నీ మీద కోపం పెట్టుకుంటే నా మీద పెట్టుకోనక్కర్లేదు కదా."

ఓదార్చడం ఇద్దరికీ చేతకాదు. ఆ పని ఆ ఇంట్లో అక్కదే.

"రెండూ వెయ్యి," అన్నాడు చివరికి బావ. "అది మీ అక్కకి, 'మందు ఉంది' అన్నది మిగతావాళ్లకి. పక్కపక్కనే వెయ్యి."

సర్వస్వం గారు రెండూ రాశారు. వ్యాసం ఆఖరి వాక్యం కూడా రాశారు, బావ చెప్పినట్టే, ఏ మాటా కొట్టెయ్యకుండా. "ఫుల్‌స్టాపు పెట్టనా బావా?"

"పెట్టరా. వాక్యానికి పెట్టాలిగా."

కాగితాలు సంచిలో సర్దుకున్నారు. రేపు ప్రెస్సు. ఎల్లుండి ఆదివారం. ఆ తర్వాత ఈ ఇంటికి రావడానికి వంకంటూ లేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి ఆయనకు పట్టాల్సిన దానికన్నా ఎక్కువసేపే పట్టింది.

"మొదటి సంపుటంలో ఇంకా ఎన్ని తప్పులున్నాయిరా?" అన్నాడు బావ వెనకనుంచి.

"కొల్లలు. నీ ఆకాశం వ్యాసాలే సగం పాచిపోయాయి."

"ఎల్లుండి పట్టుకురా. నువ్వు చదువు, నేను దిద్దుతాను."

"ఎవరు వేస్తారు బావా? ఆఫీసు మూసేస్తున్నారు."

"వెయ్యడానికి కాదులే."

"ఇరవై నాలుగు సంపుటాలు బావా. మన ఇద్దరితో అవి అవుతాయా?"

"అవ్వవురా," అన్నాడు బావ. "పొద్దున్నే వచ్చెయ్. నీ గ్లాసు తెచ్చుకో, ఇక్కడ ఒకటే ఉంది."